మడత

రెండో రోజు పొద్దున్న ఏడున్నరకి
రాజోలు ఆసుపత్రి బాలింతల వార్డులో
నా చేతిలో చిన్న పటకారు లాంటిది ఉంటుంది.
దాన్ని చూడగానే మొహాలు మారిపోతాయి.
కొయ్యదు, గుచ్చదు, పట్టుకుంటుందంతే, అంటాను.
ముందు నా చెయ్యే పట్టించి చూపిస్తాను.

మూడో మంచం. మంగతాయారు. ఆడపిల్ల.
రెండు కేజీల ఏడొందల అరవై గ్రాములు.
పేరింకా లేదు, మణికట్టుకి అమ్మ పేరే.
వీపు మీద, రెక్క కింద,
చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా ఎత్తి
పటకారు వదలాలి. ఒకటీ రెండూ అనుకోవాలి.
ముల్లు ఆగింది.
నాలుగున్నర మిల్లీమీటర్లు.

"ఏటండి సిస్టరుగారూ, ఏం కొలుత్తున్నారు?"
కిటికీ దగ్గర్నించి అమ్మమ్మ పల్లాలమ్మ.
"కొవ్వండి."
ఆవిడ చెయ్యి చప్పున పిల్ల మీదకొచ్చింది.
మా వేపు ఆ మాటకి పొగరనే అర్థం;
బొద్దుగా ఉందంటే, దిష్టి.
ఎడమ అరికాల్లో కాటుక చుక్క ముందే ఉంది,
నేను చూస్తుండగానే కుడికాలికీ పెట్టేసింది.

ఆవిడకి ఎలా చెప్పను,
ఇది తిని కూర్చున్న కొవ్వు కాదని,
ఆఖరి రెండు మూడు నెలల్లో, చీకట్లో,
చెంచాడు చెంచాడుగా తల్లి కట్టిన చద్దిమూటని.
మెడ వెనకా రెక్కల మధ్యా
గోధుమరంగుది ఇంకొకటుంటుంది,
నివురు కప్పిన కుంపటి.
వణకడం కూడా చేతకాని పిల్లని
అదే కాస్తుంది.
పాలు పడేదాకా కొంత నీరు పోయి, కొంత ఇది కరిగి
రేపటికి పిల్ల బరువు తగ్గుతుంది.
అప్పుడు మళ్ళీ అందరూ నా మీద పడతారు.

గంగరాజు వచ్చాడు, లుంగీ అంచున చెరువు బురదతో.
మలికిపురం అవతల రొయ్యల చెరువు మీద ఉంటాడు,
ఏరేటర్ల మోతకి అలవాటుపడి గట్టిగా మాట్లాడతాడు.
"కౌంటెంతండీ?" అన్నాడు.
వార్డంతా నవ్వింది. నేను నవ్వలేదు.
ఒక్క విసురు వల విసిరి, పడ్డవాటిని తూచి
చెరువంతా అంచనా కట్టే మనిషి.
నాలుగు చోట్ల మడత పట్టి
పిల్లంతటినీ లెక్క కట్టే నాకు
ఇక్కడ అతనొక్కడే పనిలో తోడు.

"వందకి పన్నెండు పాళ్ళు," అన్నాను.
"మూడొందల ముప్ఫై గ్రాములు, ఇంచుమించు."
"మిగతాదండీ?"
"కండ, ఎముక. నీళ్ళు."
"నీళ్ళే ఎక్కువా?"
"నీళ్ళే ఎక్కువ."
"మరైతే మనూరేనండి, ఆయ్," అన్నాడు.

సాయంత్రం బస్సు చించినాడ వంతెనెక్కింది.
కింద వశిష్ఠ, ఎర్రగా, తొందర లేకుండా.
ఎక్కడి కొండలనో అరగదీసి మోసుకొచ్చి
తీరా సముద్రం వాసన తగిలాక
తెచ్చిందంతా ఇక్కడ దింపేసిన ఏరు.
లంకలో ఎవరో అరటిగెలలు పడవకెత్తుతున్నారు.

మావాడు ఏడో నెలకే వచ్చేశాడు.
వాడికి పట్టుకుందామంటే మడత లేదు,
ఉల్లిపొర చర్మం కింద నీలం కాలవలు.
ముప్ఫై ఒక్క రోజు రొమ్ముకి కట్టుకు తిరిగాను,
నా వేడి వాడికి అరువిచ్చి.
ఇప్పుడు ఇంటర్. ఎనభై రెండు కేజీలు.
రెండోసారి అన్నం వద్దురా అంటే వినడు.
వద్దనేటప్పుడు నా గొంతు కూడా
అంత గట్టిగా ఉండదు లెండి.

మూడో రోజు.
తక్కెడ మీద నూట నలభై గ్రాములు తక్కువ.
పల్లాలమ్మ నన్ను కాదు, పటకారుని చూసింది,
అదే ఎత్తుకుపోయినట్టు.
గంగరాజు వంగి, పిల్ల తొడ మీద
మోటు వేలితో మెత్తగా నొక్కి
చాలాసేపు ఊరుకున్నాడు.

"నీళ్ళు తీశాయంతేనండి," అన్నాడు.
మొదటిసారి గొంతు తగ్గించి.
"గట్టుంది."